బదులు పలికే పుటలు

తరగతి గదిలో ఉపాధ్యాయుడు పాఠం చెప్పేటప్పుడు విద్యార్థుల ముఖాలు చూస్తూ చెబుతాడు. ఒక సంగతి వారికి బోధపడలేదని తోచగానే ఆగి, మరొక ఉదాహరణ ఇస్తాడు. అచ్చు పుస్తకానికి ఈ శక్తి లేదు. దానిని ఎవరు తెరిచినా, ఎన్నిసార్లు తెరిచినా అవే మాటలను అదే వరుసలో చెబుతుంది. పుస్తకానికున్న స్థిరత్వాన్ని, ఉపాధ్యాయునికున్న స్పందనను ఒకే చోట కూర్చడం సాధ్యమా అనే ప్రశ్న ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో కొందరు శాస్త్రజ్ఞులకు కలిగింది. పాఠకుడు తాకితే బదులు చెప్పే నేటి వెబ్ పుట ఆ ప్రశ్నకు లభించిన సమాధానాలలో ఒకటి.

అట్టి పుటను తయారుచేసేవారిని రూపకర్తలు లేక డిజైనర్లు అంటారు. బొమ్మలు వేయడం, రంగులు అద్దడం మాత్రమే వీరి పని అని సామాన్యంగా అనుకోవడం కద్దు. చరిత్రను పరిశీలిస్తే సంగతి అట్లా లేదు. పుట మీద అధికారం తయారుచేసినవానిదా, చదివేవానిదా అనే వివాదం ఈ కళను మొదటినుండి వెన్నాడుతూనే ఉన్నది.

కాంతి కలము, కొయ్య మౌసు

1960 ప్రాంతాలలో కంప్యూటరుతో పని అంటే, లెక్కను రంధ్రాల కార్డుల మీదికి ఎక్కించి, వాటిని యంత్రశాలలో అప్పగించి, ఫలితం కోసం గంటల తరబడి వేచి ఉండడమే. 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఐవన్ సదర్లాండ్ అనే పరిశోధక విద్యార్థి తన డాక్టరేటు పట్టం కోసం స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామును రూపొందించారు. లింకన్ ప్రయోగశాలలోని టి.ఎక్స్.-2 కంప్యూటరు తెర మీద కాంతి కలంతో గీస్తే గీత అప్పటికప్పుడే కనబడేది. వంకరగా పడిన గీతలకు ‘ఇవి సమాంతరంగా ఉండవలె’ అని నిబంధన విధిస్తే యంత్రమే వాటిని సరిదిద్దేది. మనిషి చేయి కదపడం, యంత్రం వెంటనే బదులు చెప్పడం, ఆ బదులును చూసి మనిషి మళ్లీ చేయి కదపడం అనే చక్రం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

అదే కాలంలో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మరొక సమస్యతో తలపడుతున్నారు. తెర మీద కనిపించే ఒక మాటను చూపడానికి ఏ పరికరం మేలు? ఈ ప్రశ్నను ఆయన అభిప్రాయాలకు విడిచిపెట్టలేదు. కాంతి కలము, చేతితో వంచే కర్ర, మోకాలితో కదిపే మీట, చక్రాలు అమర్చిన చిన్న కొయ్య పెట్టె, ఇట్లా పలు పరికరాలను సిద్ధపరచి, మనుషులచేత వాడించి, పట్టిన కాలాన్ని, దొర్లిన తప్పులను లెక్కించారు. 1967లో ప్రకటించిన ఫలితాలలో అనుభవం గలవారి చేతిలో కొయ్య పెట్టెదే పైచేయి అని తేలింది. 1964లో బిల్ ఇంగ్లిష్ తయారుచేసిన ఆ పెట్టెయే నేటి మౌసుకు మూలపురుషుడు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ దాదాపు తొంభై నిమిషాలపాటు జరిపిన ప్రదర్శనలో మౌసు, ఒక పత్రం నుండి మరొక పత్రానికి దారి చూపే లంకె, దూరాన ఉన్న ఇద్దరు ఒకే తెర మీద పనిచేయడం మొదలైనవన్నీ సభికులు చూశారు.

ఇందులోని నీతి ముఖ్యమైనది. రూపకర్త ఊహ ఎంత గొప్పదైనా అది ఒక పరికల్పన మాత్రమే. వాడేవారి ముందు పెట్టి పరీక్షించినప్పుడే దాని నిజానిజాలు తేలుతాయి.

పరీక్షతోపాటు మితిని పాటించడమూ ఈ కళలో భాగమే. 1983లో ఆపిల్ సంస్థలో చేరిన సూసన్ కేర్ అనే కళాకారిణి మాకింటాష్ కంప్యూటరు చిహ్నాలను గళ్ల కాగితం మీద వేశారు. ఒక్కొక్క చిహ్నానికి అడ్డంగా 32, నిలువుగా 32, వెరసి 1,024 గళ్లు. ఒక్కొక్క గడి నలుపో తెలుపో కావలసిందే. ఇంత ఇరుకు చోటులో ఒక చెత్తబుట్టను, ఒక కుంచెను చూసినవెంటనే గుర్తుపట్టేటట్టు వేయవలసి వచ్చింది. అవసరం లేని ప్రతి గడిని తీసివేయడమే ఆమె పద్ధతి.

వెబ్ పుట్టుక

1989 మార్చిలో స్విట్జర్లాండులోని సెర్న్ అణుభౌతిక పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీ ఒక ప్రతిపాదన సమర్పించారు. అక్కడ అనేక దేశాల శాస్త్రజ్ఞులు, అనేక రకాల కంప్యూటర్లు ఉండేవి. ఒక యంత్రంలోని సమాచారం మరొక యంత్రానికి అందేది కాదు. పత్రాలను లంకెలతో కలిపి ఏ యంత్రం నుండి అయినా చదువుకొనే ఏర్పాటును ఆయన సూచించారు. 1990 చివరికి మొదటి బ్రౌజరు, మొదటి సర్వరు పనిచేయసాగాయి. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఈ సాధనాలను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చునని ప్రకటించింది.

బెర్నర్స్-లీ రూపొందించిన గుర్తుల భాష ‘ఇది శీర్షిక’, ‘ఇది పేరా’, ‘ఇది లంకె’ అని మాత్రమే చెప్పేది. శీర్షిక ఎంత పెద్దదిగా, ఏ అక్షరాలతో కనిపించవలెనో ఆ భాష నిర్ణయించలేదు. ఆ పని చదివేవాని యంత్రానికే వదిలిపెట్టబడింది. తెరలన్నీ ఒకే తీరున లేనప్పుడు ఇదే వివేకవంతమైన మార్గం.

1993లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మార్క్ ఆండ్రీసెన్, ఎరిక్ బీనా మోజాయిక్ అనే బ్రౌజరును తయారుచేశారు. అందులో అక్షరాల నడుమ బొమ్మలు కనిపించాయి. కొద్దికాలంలోనే నింపడానికి వీలైన ఖాళీ గళ్లు కూడా పుటలలోకి వచ్చాయి. అంతవరకు చెప్పడమే తెలిసిన పుట ఇప్పుడు అడగడం నేర్చుకొన్నది.

పట్టికల పరంజా

బొమ్మలు రావడంతో అచ్చు పత్రికలలో పనిచేసిన రూపకర్తలు వెబ్ వైపు తిరిగారు. కాగితం మీద ప్రతి అక్షరం స్థానాన్ని తామే నిర్ణయించడం వారికి అలవాటు. వెబ్ గుర్తుల భాషలో అట్టి వీలు లేదు. కాబట్టి వారొక ఉపాయం పన్నారు. అంకెలను వరుసలలో చూపడానికి ఏర్పడిన పట్టికను కంటికి కనబడని పరంజాగా మార్చి, దాని గళ్లలో బొమ్మలను, మాటలను ఇరికించారు. ఖాళీ చోటు కావలసినచోట ఒకే ఒక చుక్క పరిమాణం గల పారదర్శక చిత్రాన్ని సాగదీసి నిలిపారు. 1996లో డేవిడ్ సీగల్ రాసిన పుస్తకం ద్వారా ఈ ఉపాయాలు బాగా ప్రచారంలోకి వచ్చాయి.

పుటలు అందంగా కనిపించిన మాట నిజమే. కాని దానికి చెల్లించిన మూల్యం తక్కువ కాదు. చూపు లేనివారికి పుటను చదివి వినిపించే యంత్రం గడి వెంబడి గడి చదువుతూ పోతే, వాక్యాల వరుస తారుమారయ్యేది. శీర్షిక రంగు మార్చవలెనంటే వందల పుటలలో ఒక్కొక్కచోట దిద్దవలసి వచ్చేది.

దీనికి పరిష్కారాన్ని 1994 అక్టోబరులోనే హోకన్ వియమ్ లీ అనే నార్వే దేశీయుడు ప్రతిపాదించి ఉన్నారు. పుటలోని విషయం ఒకచోట, దాని వేషధారణ వేరొకచోట ఉండవలెనని ఆయన సూచన. వేషధారణలో రచయిత కోరికకు ఎంత శాతం విలువ, పాఠకుని కోరికకు ఎంత శాతం విలువ అనే లెక్క కూడా ఆ తొలి ప్రతిపాదనలో ఉన్నది. శాతాల లెక్క తరువాత విడిచిపెట్టబడినా, ఇద్దరి ఇష్టాలను మేళవించే సూత్రం నిలిచింది. బెర్ట్ బోస్ తోడ్పాటుతో ఇది 1996 డిసెంబరులో సి.ఎస్.ఎస్. అనే ప్రమాణంగా వెలువడింది.

బ్రౌజర్లు ఈ ప్రమాణాన్ని తలొక తీరున అమలుపరచడంవల్ల రూపకర్తలు చాలాకాలం దీనిని నమ్మలేదు. 2003 మేలో కెనడాకు చెందిన డేవ్ షే ‘జెన్ గార్డెన్’ అనే వెబ్‌సైటు ద్వారా ఒక సవాలు విసిరారు. విషయం ఒక్కటే, అందులో అక్షరం మార్చరాదు. వేషధారణ పత్రాన్ని మాత్రం ఎవరికి తోచినట్లు వారు రాసి పంపవచ్చు. అదే పుట ఒకరి చేతిలో తోటగా, మరొకరి చేతిలో పాత వార్తాపత్రికగా మారడం చూసిన తరువాత, కట్టుబాటు కల్పనకు శత్రువు కాదని రూపకర్తలకు నమ్మకం కుదిరింది.

చలనం, త్వరిత సమాధానం

పుటకు బుద్ధి చెప్పే పని వేరొకవైపు సాగుతున్నది. పూర్వం ఒక గడిలో తప్పు రాస్తే ఆ సంగతి తెలియడానికి పుట మొత్తం దూరాన ఉన్న సర్వరుకు వెళ్లి తిరిగి రావలసి ఉండేది. 1995 మేలో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పది రోజులలో జావాస్క్రిప్ట్ అనే భాష తొలి రూపాన్ని సిద్ధం చేశారు. దీనితో చిన్న చిన్న నిర్ణయాలను పాఠకుని యంత్రమే చేయగలిగింది.

1996లో వచ్చిన ఫ్లాష్ అనే సాధనం మరొక దారి తొక్కింది. దానితో కదిలే బొమ్మలను, సంగీతాన్ని, ఆటలను రూపకర్త తాను కోరినది కోరినట్లే నిలపగలిగాడు. అయితే అది ఒకే సంస్థ సొత్తు. ప్రత్యేకమైన అదనపు ప్రోగ్రాము లేనిదే పనిచేయదు. 2007లో వచ్చిన ఐఫోనులో దానికి చోటు దొరకలేదు. చివరకు 2020 డిసెంబరు 31న అడోబీ సంస్థ దాని పోషణ మానివేసింది. దాదాపు ఇరవై ఏళ్ల కృషి ఫలితమైన ఎన్నో ఆటలు, చిత్రాలు బ్రౌజర్లలో ఒక్కసారిగా మూగవోయాయి. వాటిలో కొన్నిటిని ఔత్సాహికులు వేరే ప్రోగ్రాముల సాయంతో బ్రతికించుకొన్నారు. సొంతదారుడు తాళం వేయగల ఇంటిలో కళను దాచుకొంటే ఏమవుతుందో దీనివల్ల తెలుస్తున్నది.

ఇంతలో 2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చాయి. పటాన్ని చతురస్రాలుగా విభజించి, పాఠకుడు పటాన్ని లాగినకొద్దీ కొత్త చతురస్రాలను మాత్రమే తెప్పించే ఏర్పాటు ఇందులో ఉన్నది. పుట మొత్తం మళ్లీ రానక్కరలేదు. ఈ పద్ధతికి 2005 ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ ఏజాక్స్ అని పేరు పెట్టారు.

బదులు ఎంత త్వరగా రావలె అనేదానికి కూడా కొలతలు ఉన్నాయి. 0.1 సెకండు లోపల స్పందిస్తే పని తక్షణమే జరిగినట్లు తోస్తుంది. ఒక సెకండు వరకు ఆలోచన తెగిపోదు. పది సెకండ్లు దాటితే మనసు వేరొక పని మీదికి పోతుంది. 1993లో జేకబ్ నీల్సన్ తన గ్రంథంలో చెప్పిన ఈ హద్దులను రూపకర్తలు నేటికీ పాటిస్తున్నారు.

నీటివంటి పుట

చేతిలో ఇమిడే ఫోను తెర మీద వెడల్పాటి పుట ఇమడదు. 2010 మేలో ఈథన్ మార్కాట్ ‘స్పందనశీల రూపకల్పన’ అనే పద్ధతిని ప్రతిపాదించారు. దీని ఆధారం సులభమైన భాగహారమే. 960 చుక్కల వెడల్పు గల పుటలో ఒక నిలువు వరుస 240 చుక్కలు ఉంటే, దానిని 240 అని రాయక 25 శాతం అని రాస్తారు. తెర ఎంత ఉంటే వరుస దానిలో నాలుగో వంతు ఉంటుంది. కాని 400 చుక్కల తెర మీద నాలుగో వంతు అంటే 100 చుక్కలే. అందులో వాక్యం చదవడం కష్టం. కాబట్టి వెడల్పు ఒక హద్దుకు తగ్గగానే ఆ వరుస కిందికి జరగవలెనని మరొక నియమం రాస్తారు. నీరు పాత్రను బట్టి రూపం ధరించినట్లు పుట తెరను బట్టి సర్దుకొంటుంది.

తెలుగు పుటల రూపకర్తకు మరికొంత పని ఉన్నది. రోమను అక్షరాలకు చాలిన పంక్తుల ఎడం తెలుగుకు చాలదు. పైన గుడులు, కింద వత్తులు ఉండడంవల్ల పంక్తులు ఒకదానితో ఒకటి రాసుకొంటాయి. 1991లో యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాల గడి లభించింది. అయినా అది వాడుకలో స్థిరపడేవరకు సైటుకొక అక్షరాల దిమ్మె ఉండి, అది లేని యంత్రంలో తెలుగు కాస్తా అర్థంలేని గుర్తులుగా కనిపించేది.

పని నడిచే తీరు

ఈ అనుభవాలన్నిటి నుండి ఒక క్రమం ఏర్పడింది. పరీక్షా ఫలితాలు చూపే పుటను ఉదాహరణగా తీసుకోవచ్చు. రూపకర్త మొదట రంగుల గురించి ఆలోచించడు. వచ్చేది ఎవరు, వారికి కావలసినది ఏమిటి అని అడుగుతాడు. వచ్చేది ఆందోళనతో ఉన్న విద్యార్థి. చేతిలో పాత ఫోను, అంతంతమాత్రపు సిగ్నలు. కావలసినది ఒకే సంగతి. తరువాత కాగితం మీద అస్థిపంజరం గీస్తాడు. ఒక గడి, ఒక బటను చాలునని తేలుతుంది. పిమ్మట నమూనా చేసి నలుగురైదుగురి చేతికిచ్చి, మాట సాయం చేయకుండా చూస్తూ కూర్చుంటాడు.

అసలు లోపాలు అప్పుడు బయటపడతాయి. ఒక విద్యార్థి హాల్‌టికెట్ సంఖ్యలో ఒక అంకె మరచిపోతాడు. పుట ‘తప్పు’ అని మాత్రమే అంటే అతడు తన ఫలితమే తప్పిందేమోనని బెదిరిపోతాడు. ‘పది అంకెలు ఉండవలె, తొమ్మిదే ఉన్నాయి’ అని చెప్పి, రాసినదానిని చెరపకుండా ఉంచితే సరిదిద్దుకొంటాడు. మరొకడు బటను నొక్కి, ఏమీ కదలకపోవడంతో పదిసార్లు నొక్కుతాడు. ‘వెదుకుతున్నది’ అనే ఒక్క మాట కనబడితే అతడు ఆగేవాడు. ఈ లోపాలను దిద్ది మళ్లీ పరీక్షిస్తారు. రంగులు, అలంకారాలు చివరి మాట.

కొయ్య పెట్టెను మోకాలి మీటతో పోల్చి చూసిన ఎంగెల్‌బార్ట్ పద్ధతికి, దీనికి సూత్రంలో భేదం లేదు. ఊహించడం, చేయడం, చూడడం, దిద్దడం అనే నాలుగు మెట్లు ప్రయోగశాలలో ఎంత అవసరమో ఇక్కడా అంతే అవసరం. రూపకర్త విషయానికి క్రమం ఏర్పరుస్తాడు. తెర ఎంత, వెలుగు ఎంత, అక్షరం ఎంత పెద్దది కావలె అనేవి చదివేవాని పరిస్థితిని బట్టి తేలవలసినవి. ఈ రెండింటికీ చోటు ఇచ్చిన పుటలే కాలానికి నిలిచాయి. విద్యార్థి ముఖం చూసి పాఠం మార్చుకొనే ఉపాధ్యాయునికి ఈ సంగతి కొత్త కాదు.