దొర బండిలో గుర్తుపట్టని సామాను

కువైట్ నగరానికి నైరుతి దిక్కుగా, ఫర్వానియా గవర్నరేట్‌లో, అర్దియా అనే పేట ఉన్నది. ఒక పక్క ఇళ్ళు, మరొక పక్క మోటారు షెడ్లు. కువైట్‌లో పానా పట్టిన చేతులు మలయాళీలవి, పాకిస్తానీలవి, ఈజిప్టువారివి. మన రాజంపేట, రాయచోటి వైపు వారివి, గోదావరి జిల్లాల వారివి కూడా. మన తాతముత్తాతలు ఓడ ఎక్కింది చెరకు తోటలకు; వీరు విమానం ఎక్కింది ఎడారికి. ఈ వ్యాసం వలసను గురించి కాదు. అటువంటి షెడ్లకు అప్పుడప్పుడు వచ్చే పాత జీపులను, లాండ్ రోవర్లను గురించి, ముఖ్యంగా వాటిలో ఎవరికీ అంతుపట్టని సామానును గురించి.

బండి కిందికి దూరిన కుర్రవాడు "ఇదేందన్నా?" అంటాడు. పెద్ద మెకానిక్కు తెలిస్తే చెబుతాడు, తెలియకపోతే "తీసి పక్కన పెట్టు" అంటాడు. పక్కన పెట్టినది సాయంత్రానికి తుక్కులో కలుస్తుంది. పోయినది ఇనుప ముక్కే కావచ్చు. కాని ఆ బండి ఎవరి కోసం పుట్టిందో చెప్పే సాక్ష్యం చాలాసార్లు ఆ ముక్కలోనే ఉంటుంది.

లాండ్ రోవర్ పుట్టుక చాలామందికి తెలిసినదే. రోవర్ కంపెనీలో ప్రధాన ఇంజనీరు మారిస్ విల్క్స్‌కు వేల్సులోని ఆంగ్లెసీ దీవిలో పొలం ఉండేది. యుద్ధంలో మిగిలిన విల్లీస్ జీపును ఆయన ఆ పొలంలో తిప్పేవాడు. అటువంటిదే తమ కంపెనీ ఎందుకు చేయకూడదన్న ఆలోచన అక్కడిది. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో బండిని లోకానికి చూపారు. అప్పట్లో ఇంగ్లండులో ఉక్కు కరువు గనుక ఒంటికి అల్యూమినియం మిశ్రమం వాడారు. మనం గుర్తుంచుకోవలసినది మరొకటి: అది రైతు బండి. దున్నాలి, రంపం తిప్పాలి, నీరు తోడాలి, అవసరమైతే సంతకు పోవాలి. మలయా ఎస్టేట్లలో, నాటాల్ చెరకు పొలాలలో "దొర బండి"గా పెద్దలు చూసినది ఇటువంటిదే. 1950 నుండి దక్షిణాఫ్రికాలోని పోర్ట్ ఎలిజబెత్‌లో కూడా వీటిని బిగించేవారు.

మరి పొలం బండి నూనె దేశానికి ఎలా చేరింది? బుర్గాన్‌లో 1938లో నూనె పడింది; యుద్ధం మూలంగా ఆగి, మొదటి ఎగుమతి 1946 జూన్ 30న జరిగింది. కువైట్ ఆయిల్ కంపెనీలో ఆనాడు బ్రిటిష్ వారికి సగం, అమెరికన్ వారికి సగం. అందువల్ల రెండు దేశాల కొలతలూ ఒకే షెడ్డులో కలవడం వింత కాదు. 1961 జూన్ 19న కువైట్ స్వతంత్రమయింది. ఇరాక్ దావా వేయగానే జూలైలో బ్రిటిష్ సేనలు దిగాయి. వారి చిన్న బండి లాండ్ రోవరే. ఆ ఏడాది వరకు అక్కడ చెలామణి అయినది రూపాయే, మనవారికి ఇది చెప్పుకోదగ్గ ముచ్చట. తరువాత జపాను వారి లాండ్ క్రూజర్లు, నిస్సాన్ పెట్రోళ్ళు వచ్చి ఎడారిని ఆక్రమించాయి.

ఇక సామాను సంగతి.

పాత లాండ్ రోవర్ వెనక అడ్డదూలం మధ్యలో గుండ్రని పెద్ద రంధ్రం ఉంటుంది. కొన్నిటికి రేకు మూత, కొన్నిటికి అదీ లేదు. అదృష్టం ఉంటే ఆ రంధ్రంలోనుంచి పళ్ళు చెక్కిన కడ్డీ ఒకటి బయటికి పొడుచుకొని కనిపిస్తుంది. పట్నంలో కార్లే బాగుచేసినవాడికి ఇది ఏమిటో తోచదు. గోదావరి జిల్లాలో ట్రాక్టరు తోలి వచ్చినవాడు మాత్రం చూసీ చూడగానే "ఇది పీటీవో కదా" అంటాడు. ట్రాక్టరు వెనక నూర్పిడి యంత్రాన్ని తిప్పేది ఏదో, ఇదీ అదే. డ్రైవరు ముందు పళ్ళెంలా గంట్లు కోసిన చిన్న లీవరు ఉంటే, అది చేతి యాక్సిలరేటరు. బండి నిలబడి, వెనక యంత్రం తిరుగుతూ ఉండగా ఇంజను వేగం ఒకే తీరున నిలపడానికి పెట్టినది. ఒకటి దొరికితే రెండవదాని కోసం వెతకాలి. రెండూ ఉన్నాయంటే ఆ బండి కంపెనీ దొర సవారీ కోసం కొన్నది కాదని, పని చేయడానికి కొన్నదని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు.

ముందు బంపరు మీద నిలువుగా నిలిచే ఇనుప డోలు కాప్‌స్టన్. దానిని ఇంజను ముక్కే తిప్పుతుంది. నాలుగు చుట్లు తాడు చుట్టి, కొస చేత్తో పట్టుకుంటే బరువు లాగుతుంది. ఓడలలో లంగరు తాడు లాగేది ఇదే పేరుతో ఉండేది. కోరంగి రేవు నావికుల సంతతి ఎవరైనా ఉంటే ఇది వారికి చెప్పనక్కరలేదు.

1948 నుండి సుమారు 1950 వరకు వచ్చిన బండ్లలో డ్రైవరు కాళ్ళ దగ్గర ఒక ఉంగరం వేలాడుతుంది. గాలి పలక తెరిచే తాడనుకొని చాలామంది కోసేస్తారు. అప్పటి బండికి నాలుగు చక్రాల లాగుడు ఎప్పుడూ ఉండేది, ముందు ఇరుసుకు ఒక ఫ్రీవీల్ ఉండేది. దానిని బిగించడానికే ఆ ఉంగరం. తరువాత పసుపు గుబ్బ, ఎర్ర గుబ్బ లీవర్లు వచ్చి ఉంగరం పోయింది. కనుక ఉంగరం ఉన్న బండి మొదటి తరానిదని నమ్మవచ్చు.

సైన్యం నుండి వచ్చిన బండికి గుర్తులు వేరు. వెనక డిఫరెన్షియల్ గుండుకు తెల్లరంగు వేసి, పైన చిన్న దీపం పెట్టి ఉంటే, అది అలంకారం కాదు. రాత్రి దీపాలు ఆర్పి వరుసగా పోయేటప్పుడు వెనక బండి డ్రైవరు ఆ తెల్ల మచ్చను చూసి నడిపేవాడు. యుద్ధకాలపు విల్లీస్ జీపు ముందు దీపాలు మడత బందుల మీద ఉంటాయి. వెనక్కి తిప్పితే ఇంజను మీద వెలుగు పడుతుంది. బందు విరిగిందని వెల్డింగు పెట్టినవారున్నారు! అదే జీపును ఫోర్డు కూడా తయారుచేసింది. ఫోర్డు వారు తమ బోల్టుల తలల మీద కూడా ఎఫ్ అక్షరం కొట్టుకున్నారు. విల్లీస్ చాసిస్ ముందు అడ్డకడ్డీ గొట్టం, ఫోర్డుది తిరగేసిన తొట్టి ఆకారం.

పేరు తెలియని ముక్క చేతికి వస్తే మొదట అడగవలసిన సాక్షి పానా. పాత లాండ్ రోవరుకు చాలావరకు బ్రిటిష్ మరలు, జీపుకు అమెరికన్ మరలు, జపాను బండికి మిల్లీమీటర్లు. బ్రిటిష్ మర కోణం 55 డిగ్రీలు, మిగతా రెండిటిదీ 60. బలవంతంగా బిగించిన నట్టు రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది. అక్కడే తెలుస్తుంది, ఈ ముక్క వేరే దేశపు బండిదని. రెండవ సాక్షి లూకాస్ కంపెనీ విద్యుత్ సామాను. డైనమో, స్టార్టరు, స్విచ్చి వంటి వాటి మీద తయారైన నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి. అది కనిపించగానే బండి వయసు తేలిపోయిందని మురిసిపోరాదు. డైనమోలు మారుతాయి. రెండు మూడు ముక్కల మీద ఒకే ఏడు దొరికితే అప్పుడు ఆలోచించాలి.

నంబర్లు చదవడంలో పెద్ద పొరపాటు ఒకటున్నది. పోత ఇనుము మీద ఉబ్బెత్తుగా కనిపించే అంకె పోత అచ్చుదే కాని, ఆ విడిభాగం పేరు కాదు. దానితో కేటలాగు వెతికితే దొరకదు. మన కుటుంబాలలోనూ ఇదే జరిగింది. కాగితం మీద మద్రాసు అని చూసి, తాత ఊరు మద్రాసే అనుకున్నవారు ఎందరో. అది ఓడ ఎక్కిన రేవు. ఊరు, తాలూకా, జిల్లా వేరే గడులలో ఉంటాయి. పేరును గుమాస్తా ఎంత వంకరగా రాసినా, నాటాల్‌లో ఇచ్చిన కలోనియల్ నంబరు, ఫిజీ పాసు మీది నంబరు పట్టుకొని మనిషిని చేరినవారున్నారు. బండికి అటువంటి నంబరు చాసిస్ మీద కొట్టినది. తలుపు రేకుకు తాపడం చేసిన పలకలను అంతగా నమ్మరాదు. 1990 ఆగస్టు 2 నుండి ఏడు నెలల ఆక్రమణలో కువైట్‌లో ఎన్నో బండ్లు దోపిడీకి, మంటలకు పోయాయి. ఆ తరువాత రెండు మూడు బండ్ల సామానుతో ఒకటి నిలబెట్టడం సహజం. అటువంటి బండిలో ఒక్కొక్క ముక్కను విడిగా విచారించాలి. ఇరాకీ సైన్యం సోవియెట్ జీపులు కూడా తెచ్చింది గనుక రష్యన్ అక్షరాలు కనిపించినా ఆశ్చర్యపడనవసరం లేదు.

ఒక హెచ్చరిక. 1967 ప్రాంతం వరకు లాండ్ రోవరులో బ్యాటరీ పాజిటివ్ తీగ చాసిస్‌కు కలిపి ఉండేది. తప్పుగా బిగించారని ఎవరైనా మార్చితే డైనమో పాడవుతుంది. అలాగే వెనక దూలం రంధ్రం అసహ్యంగా ఉన్నది, మూయండి అని యజమాని అంటే బోల్టులతో రేకు బిగిస్తే చాలు. వెల్డింగు చేస్తే, రేపు ఆ కడ్డీ ఎక్కడైనా దొరికినప్పుడు దూలం కోయవలసి వస్తుంది.