పొల్యూషన్ సర్టిఫికెట్‌లోని అంకెలు ఏం చెబుతాయి?

పెట్రోల్ బంక్ దగ్గర రెండు నిమిషాల్లో చేతికొచ్చే పొల్యూషన్ సర్టిఫికెట్‌ను చాలామంది చలాన్ తప్పించుకునే కాగితంగానే చూస్తారు. అది లేకుండా దొరికితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద 10,000 రూపాయల వరకు జరిమానా పడొచ్చు కాబట్టి ఆ భయం మామూలే. అయితే అందులోని అంకెలు చదవడం వస్తే బండి ఎక్కడ తేడా కొడుతోందో కూడా తెలుస్తుంది.

పెట్రోల్ అంటే ప్రధానంగా హైడ్రోకార్బన్లు. పూర్తిగా మండితే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వస్తాయి. ఇందుకు కిలో పెట్రోల్‌కు సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలి చాలకపోతే కార్బన్ సగమే మండి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. రంగు, వాసన లేని ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. షట్టర్ దించిన గ్యారేజీలో ఇంజిన్ ఆన్‌లో ఉంచితే ప్రాణాలు పోయేది ఇందుకే.

సైలెన్సర్‌లో పెట్టే ప్రోబ్ పొగను మెషీన్‌లోకి లాగుతుంది. అక్కడ దాని గుండా ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పంపుతారు. ఒక్కో వాయువు ఒక్కో తరంగదైర్ఘ్యం దగ్గర కాంతిని పీల్చుకుంటుంది. ఎంత కాంతి తగ్గిందో చూసి వాయువు శాతం లెక్కగడతారు. బీఎస్-4 పెట్రోల్ కారు ఐడిల్‌లో ఉన్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. డీజిల్ బండికైతే యాక్సిలరేటర్ తొక్కి, పొగ కాంతిని ఎంత అడ్డుకుంటుందో కొలుస్తారు.

మోనాక్సైడ్ ఎక్కువొస్తే ముందు ఎయిర్ ఫిల్టర్ చూపించండి. పాత బైకైతే కార్బొరేటర్ సెట్టింగ్ కూడా. హైడ్రోకార్బన్లు పెరిగాయంటే పెట్రోల్ మండకుండానే బయటికి పోతోందన్నమాట. స్పార్క్ ప్లగ్ మీద అనుమానపడాలి. అంటే మీ డబ్బే సైలెన్సర్ గుండా పోతోంది. ఇంజిన్ చల్లగా ఉండగా టెస్టుకు వెళ్లొద్దు. క్యాటలిటిక్ కన్వర్టర్‌లోని ప్లాటినం, పల్లాడియం, రోడియం బాగా వేడెక్కితేనే పనిచేస్తాయి.

ప్రోబ్ పెట్టకుండా నంబర్ ప్లేట్ ఫొటో మాత్రమే తీసి ఇచ్చే సర్టిఫికెట్‌తో ఇవేవీ తెలియవు. రోజంతా సిగ్నళ్ల దగ్గర పొగ పీల్చే ఆటో డ్రైవర్‌కు అది మరీ నష్టం. సరిగ్గా చేసిన టెస్టుకూ ఒక పరిమితి ఉంది: నైట్రోజన్ ఆక్సైడ్లను అది కొలవదు. ఇంజిన్‌పై బరువు పడి లోపల వేడి పెరిగినప్పుడే అవి ఎక్కువగా పుడతాయి, నిలబెట్టిన బండిలో అంతగా రావు.

కొత్త బండికి మొదటి ఏడాది ఈ సర్టిఫికెట్ అక్కర్లేదు. తర్వాత బీఎస్-4, బీఎస్-6 వాహనాలకు 12 నెలలకోసారి, అంతకంటే పాతవాటికి 6 నెలలకోసారి తీసుకోవాలి.