నల్లచిత్రముల నీడ: మద్రాసు కెమెరా, విశాఖ వస్తువు

అమెరికాలో 1940వ దశకమునుండి 1950వ దశకాంతము వరకు వెలువడిన నేరకథాచిత్రములలో ఒక వర్గమునకు ‘ఫిల్మ్ నువార్’ అని పేరు. ఫ్రెంచి భాషలో దీనికి నల్లచిత్రమని అర్థము. ఈ పేరు ఆ చిత్రములను తీసినవారు పెట్టుకొన్నది కాదు. యుద్ధకాలమున ఫ్రాన్సుకు చేరని అమెరికా చిత్రములు 1946లో ఒక్కుమ్మడిగ పారిసులో ప్రదర్శింపబడగా, వానిని చూచిన నీనో ఫ్రాంక్ అను విమర్శకుడు ఈ మాటను ప్రయోగించెను. లక్ష్యము పుట్టిన పిదప లక్షణ మేర్పడినది. కావున తెలుగు చిత్రములపై దీని ప్రభావమును విచారించునపుడు కొంత జాగరూకత అవసరము.

ఈ దృశ్యరీతికి మూలము జర్మనీలో కలదు. 1920 నాటి ‘డాక్టర్ కాలిగరి’ చిత్రమున నీడలను రంగుతో తెరలపైననే చిత్రించిరి. హిట్లరు పాలనలో దేశము విడిచిన పలువురు కళావేత్తలు హాలీవుడ్ చేరిరి. సాధారణముగ నటుని ముఖముపై ప్రధానదీపము కల్పించు నీడను మరియొక దీపముతో పలుచన చేయుదురు. నల్లచిత్రములలో ఆ రెండవ దీపమును మిక్కిలి తగ్గించిరి. అందుచే ముఖమున సగము వెలుగును, సగము చీకటియు నిలిచినవి. బిల్లీ వైల్డర్ దర్శకత్వమున, జాన్ సైట్జ్ ఛాయాగ్రహణమున 1944లో వెలువడిన ‘డబుల్ ఇండెమ్నిటీ’లో కిటికీరెక్కల సందులనుండి వచ్చిన వెలుగు భీమా ఏజెంటుపై చెరసాల ఊచలవలె పడును. కథ ఇంకను చెప్పని తీర్పును నీడ ముందే చెప్పుచున్నది.

తెలుగు చిత్రములకు ఆ కాలమున మద్రాసే కేంద్రము. అచ్చటి ప్రణయదృశ్యములలో రాత్రి యనగా వెన్నెల. ప్రబంధముల అష్టాదశవర్ణనలలో చంద్రోదయమునకు గల స్థానమే వెండితెరపై దానికిని లభించినది. మార్కస్ బార్ట్లీ ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957) చిత్రములలో చూపిన వెన్నెల యిందుకు నిదర్శనము. దీనికి భిన్నమైన చీకటి 1953 నాటి ‘దేవదాసు’లో కలదు. దానికి వేదాంతం రాఘవయ్య దర్శకుడు, బి. ఎస్. రంగా ఛాయాగ్రాహకుడు. అక్కినేని నాగేశ్వరరావు కన్నులలో అలసట కనబడుటకై మద్యపానదృశ్యములను రాత్రివేళ చిత్రీకరించిరనుట ప్రసిద్ధము. అయినను దేవదాసు ఎవరిని వంచించినవాడు కాడు. నల్లచిత్రమున నీడ అపరాధమునకు గుర్తు. ‘దేవదాసు’లో అది శోకమునకు గుర్తు. రూపసామ్యముచే రెండును ఒకటే యనరాదు.

రూపమును వస్తువును కలిసిన ఉదాహరణము మద్రాసులోనే, తమిళమున కనబడుచున్నది. ఎస్. బాలచందర్ ఏ.వి.ఎం. సంస్థకు 1954లో ‘అంద నాళ్’ తీసెను. అందు పాటలు లేవు. 1943లో మద్రాసుపై జపానువారి బాంబులు పడిన సమయమున ఒక రేడియో ఇంజనీరు హత్యకు గురియగును. ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగ ఆ హత్యను ఊహింతురు. కురొసావా ‘రషోమన్’ (1950) దీనికి ప్రేరణ. మారుతీరావు ఛాయాగ్రహణమున నీడలు అనుమానమును పెంచుచుండును. విమర్శకులు మెచ్చినను చిత్రము ధనము తేలేదు. పాటలులేని చీకటిని భరించుటకు నాటి ప్రేక్షకులు సిద్ధపడలేదు.

ఇట్టి కథలకు తగిన నగరము తెలుగునాట లేకపోలేదు. విశాఖపట్టణమున 1933లో రేవు ప్రారంభమైనది. 1942 ఏప్రిలు 6న జపాను విమానములు దానిపై బాంబులు వైచినవి. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరుగుటకు పూర్వమే అది రేవు, రైలు, కచ్చేరీలు గల పట్టణము. కాని కెమెరాలు మద్రాసులో నుండెను. విశాఖలోని చీకటి తెరకు బదులు వచనమున వెలసినది.

విశాఖలో న్యాయవాదవృత్తి నడపిన రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922-1993) ‘అల్పజీవి’ నవలలో సుబ్బయ్య భీరువైన గుమాస్తా. గవరయ్య అను కంట్రాక్టరువద్ద తీసికొనిన అప్పు అతనికి నిత్యభయహేతువగును. సామాన్యుడొకడు చిన్న అడుగుతో ఉచ్చున చిక్కుట నల్లచిత్రముల ప్రధానవస్తువు. ‘ఆరు సారా కథలు’లో దొంగసారా, పోలీసులు, వకీళ్లు, న్యాయస్థానము కలరు. అయితే భేదము గమనింపదగినది. హాలీవుడ్ చిత్రమున మనుష్యుని పట్టి పడవేయునది విధి. శాస్త్రి కథలలో ఆ పని చేయునది చట్టము, దారిద్ర్యము. నీడ నేరస్థునిపై గాక, తీర్పు చెప్పు పీఠముపైననే పడుచున్నది.

ఈ సామ్యమునకు ప్రభావమని పేరు పెట్టుట తొందరపాటు. మద్రాసులో దీపములు నేర్చిన విద్య వేరు. విశాఖలో కచ్చేరీ నేర్పిన విద్య వేరు. నీడ కనబడిన ప్రతిచోట పరదేశపు అప్పును లెక్కించుచు పోయినచో మన చిత్రముల శోకమును, మన కథల ధర్మాగ్రహమును గూడ కోల్పోవుదుము. పరిశోధకులు ఆ చిత్రములను తెరపై చూచి, ఆ కథలను వాని ప్రక్కన నుంచి, నీడ ఎవరిపై ఏల పడినదో ప్రతిసందర్భమున విడివిడిగ నిర్ణయింపవలసియున్నది.