ఊరు విడిచి డోర్నకల్‌కు

ఊరు విడిచి పోవడం మన జనానికి కొత్త విషయం కాదు. కరువు తరిమితే పాలమూరు జిల్లా కూలీలు మట్టిపనికై దేశాలు పట్టినారు. ఉత్తర కోస్తావారు ఓడలెక్కి రంగూను రేవుకు వెళ్ళినారు. వీరందరినీ ఇల్లు వెడలగొట్టినది అవసరం. ఏ అవసరమూ తరమకుండా, చేతిలో ఉన్న మంచి ఉద్యోగాన్ని వదలి, తెలియని భాషలో తెలియని వృత్తిని నడివయసున మొదలుపెట్టడం వేరు. అట్టి సాహసం చేసిన ఒక మనిషి కథ మన డోర్నకల్ చరిత్రతో పెనవేసుకొని ఉన్నది. ఆయన పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

అజరయ్య తెలుగువాడు కాడు. తమిళదేశపు దక్షిణపు కొసన, నాటి తిరునల్వేలి జిల్లాలోని వెళ్ళాళన్‌విళై అనే పల్లెలో 1874 ఆగస్టు 17న జన్మించినాడు. తండ్రి ఆ గ్రామ దేవాలయపు గురువు. కుమారుడు మద్రాసు క్రైస్తవ కళాశాల దాకా చదివినాడు గాని, అనారోగ్యం వల్ల చివరి పరీక్ష పూర్తి చేయలేక పట్టా లేకుండానే కళాశాల విడిచినాడు. 1895లో వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా చేరినాడు. దక్షిణదేశమంతటా తిరగడం, విద్యార్థులను కూడగట్టడం, సభలలో ఉపన్యసించడం ఆ ఉద్యోగం. అమెరికా నుండి వచ్చిన షెర్వుడ్ ఎడ్డీ ఆయనకు సహచరుడు, ఆప్తమిత్రుడు. 1898లో అన్బు మరియమ్మాళ్‌తో వివాహమైంది. ఆ కాలంలో కళాశాల చదువు చదివిన కొద్దిమంది దక్షిణాది క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. పేరుకు పేరు, పనికి పని, ఎక్కడికి వెళ్ళినా ఆదరణ. ఏ లోటూ లేని జీవితమది.

1902లో ఆయన సింహళంలోని యాళ్పాణం వెళ్ళినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులతో ఇతర ప్రాంతాలకు బోధకులను పంపడం చూచినాడు. అంతటి పని తిరునల్వేలివారు ఏల చేయరాదని ఆయనకు తోచింది. మరుసటి ఏడు, 1903 ఫిబ్రవరిలో, పాళయంకోటలో తిరునల్వేలి భారతీయ మిషనరీ సంఘం ఏర్పడింది. విదేశీధనం ముట్టరాదు, విదేశీయుల యాజమాన్యం ఉండరాదు అన్నది దాని నియమం. బంగ విభజనకు, స్వదేశీ ఉద్యమానికి ముందే పుట్టిన నియమమిది. 1905 డిసెంబరులో శ్రీరాంపురంలో ఏర్పడిన జాతీయ మిషనరీ సంఘానికి కూడా ఆయన స్థాపకులలో ఒకడు.

తిరునల్వేలి సంఘంవారు తమ తొలి పనికి నిజాము రాజ్యంలోని మానుకోట, డోర్నకల్ ప్రాంతాన్ని ఎన్నుకొన్నారు. నాటి డోర్నకల్ పెద్ద ఊరేమీ కాదు. నిజాము రైలుమార్గం 1889లో బెజవాడ దాకా సాగింది. ఇల్లందు సింగరేణి గనుల బొగ్గు ఆ మార్గాన్ని చేరే కూడలి డోర్నకల్. చుట్టూ అడవి, మెట్టపొలాలు, తెలుగు పల్లెలు, లంబాడీ తండాలు. సర్కారు కాగితం ఉర్దూలో నడిచేది. తిరునల్వేలి నుండి ఆరువందల మైళ్ళకు పైబడిన దూరం. ఇటువంటి చోటికి వెళ్ళవలసిందిగా అజరయ్య సభలలో యువకులను కోరుతూ వచ్చినాడు. కొందరు వెళ్ళినారు. అయితే ఇతరులను పొమ్మని చెప్పేవాడు తాను ఎందుకు పోరాదు? ఈ ప్రశ్న ఆయనను వదలలేదు. 1909లో, తన ముప్పై ఐదవ యేట, కార్యదర్శి పదవికి రాజీనామా ఇచ్చి, గురుపట్టం పుచ్చుకొని, డోర్నకల్ చేరినాడు. మొదట నివాసం గుడారంలో.

బడిపిల్లవానివలె అక్షరాలు దిద్దుకోవడంతో కొత్త జీవితం ఆరంభమైంది. తమిళము, తెలుగు తోబుట్టువులే గదా, కష్టమేమిటని మనం అనుకోవచ్చు. తమిళలిపిలో క, గ ధ్వనులకు ఒకే అక్షరం. ఖకార ఘకారాలకు తావే లేదు. తెలుగులో ఈ నాలుగూ నాలుగు దారులు. పోనీ మాటలైనా కలుస్తవా అంటే, కలిసినట్టే కలిసి మోసం చేస్తవి. తమిళుడు ‘వీడు’ అంటే తన ఇంటిని తలచుకొంటాడు. తెలుగువానికి ‘వీడు’ అంటే విడిచిపోవడం. లేదా ఎదురుగా ఉన్న మనిషిని చూపి తేలికగా అనే మాట. వేలమందిని ఉపన్యాసంతో కదిలించిన వక్త, పల్లెవాసుల ముందు మాట తడుముకోవలసి రావడం చిన్న త్యాగం కాదు. పేరు వదులుకోవచ్చు, పదవి వదులుకోవచ్చు. అలవాటైన నోటిని వదులుకోవడం అన్నిటికన్న కష్టం. ఆయన ఆ తెలుగు నేర్చినారు, తెలుగులోనే బోధించినారు.

మరుసటి ఏడు, 1910 జూన్‌లో, స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ ఆయన ప్రసంగించినప్పుడు సభ నివ్వెరపోయింది. దొరలు చేసిన త్యాగాలను, ఇచ్చిన దానాలను ఆయన కాదనలేదు. కాని భారతీయునితో కలిసి భుజించి, సమానునిగా కూర్చుండబెట్టే స్నేహం మాత్రం కొరవడిందని నిర్మొహమాటంగా చెప్పినారు. సభలో కొందరికి కష్టం కలిగింది. ఆ మాటలు మాత్రం నిలిచిపోయినవి.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెంట్ పాల్ దేవాలయంలో అజరయ్య డోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులైనారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయన. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ పట్టుదల ఇందుకు ముఖ్యకారణం. తెల్లవారు నల్లవాని ఆజ్ఞకు లోబడతారా అని అడిగినవారు ఉన్నారు. స్వజనంలోనే పెదవి విరిచినవారూ ఉన్నారు. వాదంతో ఆయన జవాబు చెప్పలేదు. 1920 తర్వాత కృష్ణా తీరపు తెలుగు ప్రాంతాలు ఆయన అధికారం కిందికి వచ్చినవి. 1924 నాటికి ఎనిమిదిమంది ఆంగ్లేయ గురువులు, 53 మంది భారతీయ గురువులు ఆయన చేతికింద పనిచేసినారు. పట్టా లేకుండా కళాశాల విడిచిన ఆ మనిషికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరు బిరుదు ఇచ్చింది.

ఆయన వద్దకు వచ్చినవారిలో అధికులు మాల, మాదిగ వాడలవారు. వారు ఊరక బోధ విని తల ఊపినవారు కారు. తామే కబురు పెట్టి మా వాడకు ఒక పంతులును పంపండని అడిగిన పల్లెలు అనేకం. బడి, అక్షరం, మనిషిగా మర్యాద వారు కోరిన వస్తువులు. పంతుళ్ళతోపాటు వారి భార్యలకూ చదువు చెప్పించాలని అజరయ్య దంపతులు పట్టుబట్టినారు. 1930 దశాబ్దంలో ఆ మండలపు క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. ఇంతటి మార్పు విమర్శ లేకుండా సాగదు. సామూహిక మతాంతరీకరణను గాంధీ మహాత్ముడు గట్టిగా ఆక్షేపించినారు. అజరయ్య తన పక్షాన్ని విడువలేదు. అయితే క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇవ్వజూపినప్పుడు, అవి మమ్ము దేశజనం నుండి వేరు చేస్తవని ఎదిరించినవారిలోనూ ఆయన ముందున్నారు. ఈ రెండింటినీ చూడనివారు ఆయనను సగమే చూచినవారు.

డోర్నకల్ స్టేషనుకు చేరువలో ఆయన కట్టించిన దేవాలయం 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైంది. దాని గుమ్మటాలు, మినారులు మహమ్మదీయ కట్టడాలను జ్ఞప్తికి తెస్తవి. స్తంభాల వరుసలు మన గుడి మండపాలను తలపిస్తవి. గోతిక్ కొనగోపురాన్ని పరదేశం నుండి తెచ్చి నాటడం ఆయనకు ఇష్టం లేకపోయింది. తాను వచ్చి నిలిచిన నేలమీద ఇదివరకే ఉన్న శిల్పులను, ఇదివరకే ఉన్న సొగసులను గౌరవించడం కొత్తగా వచ్చినవాని ధర్మమని ఆ కట్టడం చెబుతున్నది.

అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూసినారు. ఏ ఐక్యతకోసం 1919 తరంగంబాడి సమావేశం నుండి పాటుపడినారో ఆ దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరులో ఏర్పడింది; ఆయన చూడలేదు.

లెక్క వేస్తే ఆ జీవితం సరిగా రెండు సగాలు. ముప్పై అయిదేండ్లు తమిళదేశానివి, ముప్పై అయిదేండ్లు తెలుగుదేశానివి. ఇల్లు విడవడానికి ఒక రైలుప్రయాణం చాలింది. వచ్చిన చోటును ఇల్లు చేసుకోవడానికి మిగిలిన ఆయుర్దాయమంతా పట్టింది. నేడు మన ఇండ్లనుండి పిల్లలు చదువుకని, కొలువుకని దూరదేశాలు పోతున్నారు. వారిని సాగనంపే తల్లిదండ్రులు జీతమెంత, వసతి ఎట్లా అని విచారించడం సహజమే. అక్కడివారి భాష నేర్చుకొన్నావా, అక్కడివారిలో నీకు స్నేహితులు ఎందరు అని కూడా ఒకమాట అడగవచ్చు. అజరయ్య ఎడింబరోలో దొరలను అడిగిన ప్రశ్న అదే. డోర్నకల్‌లో తనకు తాను వేసుకొన్న ప్రశ్న కూడా అదే.