అమ్మ ఆసు, నాయిన మగ్గం

వార్షికోత్సవ సంచికకు ఒక కుటుంబ చరిత్ర రాయమని సమాఖ్య పెద్దలు అడిగినారు. మేము చదివింది ఎనిమిదో తరగతి. సొసైటీ లెక్కలు రాసిన చెయ్యే గానీ వ్యాసాలు రాసిన చెయ్యి కాదు. తప్పులుంటే మన్నించగలరు.

ఇది మారతహళ్ళిలో కొడుకు ఇంట్లో కూచొని రాస్తున్నము. ఇక్కడ బజారుకు పోతే ఎటు చూసినా తెలుగే వినపడుతది. సాయంత్రం కొడుకు ఫోను చేసి "సిల్క్ బోర్డు కాడ ఇరుక్కున్న నాయినా" అంటడు. మనుమలకు సిల్క్ బోర్డు అంటే బండ్లు ఆగిపోయే జంక్షను. 1949లో ఏర్పడిన కేంద్ర పట్టు మండలి ఆఫీసు అక్కడ ఉన్నందుకే ఆ పేరు వచ్చిందని చెప్తే నవ్వినారు. మా చిన్నప్పుడు మాకు బెంగళూరు అంటే పట్టు నూలు వచ్చే ఊరు. అంతే తెలుసు.

మాది పోచంపల్లి దిక్కు పల్లె. అమ్మానాయినలు ఎక్కడా పేరుకెక్కిన మనుషులు కారు. నాయిన గుంట మగ్గం మీద కూచునేది. పడుగు సరిచేసుడు, నేసుడు ఆయన పని. కండెలు చుట్టుడు, ఆసు పోసుడు అమ్మ పని. చిటికి కట్టేది ఇద్దరు కలిసి.

ఆసు అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు. ఒక దిక్కు ఒక మేకు, ఎదురుగ అర్ధచంద్రం లెక్క వరుస మేకులు. వాటి నడుమ దారాన్ని చేత్తో అటు ఇటు తిప్పాలె. ఒక్క చీరకు 9 వేల సార్లు చెయ్యి ఆడాలె. తెల్లారక ముందే అమ్మ కూచునేది. మధ్యలో వంట, నీళ్ళు, మేము.

నాయిన అమ్మను ఏనాడూ పేరు పెట్టి పిలువలేదు. "ఇగో" అనేటోడు. కూలి వచ్చిన నాడు కొంత కల్లుకు పోయేది, అమ్మ కొట్లాడేది. కానీ రాత్రి అమ్మ భుజం లేవకపోతే నాయినే నూనె కాచి రుద్దేటోడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకునేది లేదు. ఆ దీపం వెలుగు మాకు ఇప్పటికీ కండ్లల్ల ఉన్నది.

అట్లాంటి తల్లి బాధ చూసే ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం గారు ఏండ్లు కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారు చేసినారు. దానికి తల్లి లక్ష్మి గారి పేరే పెట్టినారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మా అమ్మకు మాత్రం అది ఆలస్యమే అయ్యింది. అప్పటికే భుజం పోయింది.

ఇప్పుడు మా తప్పు చెప్పుకోవాలె. సొసైటీ కార్యదర్శిగా సభ్యుల రిజిష్టరు రాసింది మేమే. మగ్గానికి ఒక్క పేరు, అది మొగాయన పేరు. కూలి కూడా ఆయన పేరు మీదనే. నాయిన పోయినాక అమ్మకు చేనేత పింఛను దరఖాస్తు పెట్టబోతే, ఈమె నేత పని చేసినట్టు దాఖలా ఏది అని అడిగిండ్రు. మా పుస్తకం మేమే తిరగేసి చూసినం. యాభై ఏండ్లు ఆసు పోసిన మనిషి పేరు ఒక్క పేజీలో లేదు. వితంతు పింఛను వచ్చింది గానీ నేత కార్మికురాలు అనే మాట ఏ కాగితం మీదికీ రాలేదు. "పోనియ్ బిడ్డా" అన్నది అమ్మ. ఆ మాటే మాకు ఇప్పటికీ గుచ్చుకుంటది.

2019-20 చేనేత గణనలో దేశంలో 35 లక్షల పైచిలుకు కార్మికులు తేలినారు. అందులో నూటికి 72 మంది ఆడవాళ్ళు. మరి మన రిజిష్టర్లలో వాళ్ళు ఎందరు?

మనం దేవుణ్ణి కొలిచేటప్పుడు భద్రావతీ సమేత భావనారుషి స్వామి అంటం. అమ్మవారి పేరు ముందే వస్తది. గుడిలో ఉన్న మర్యాద పుస్తకంలో లేకపాయె.

అందుకే మనవి. వంశవృక్షాలు రాసే ప్రతి ఇంటివారు ఆలుమగల ఇద్దరి పేర్లు, ఇద్దరు చేసిన పని రాయండి. మేము మారతహళ్ళిలోనే మనుమరాలితో మా ఇంటి పేజీ మళ్ళ రాయించినం. నాయిన పేరు పక్కన అమ్మ పేరు, దాని కింద "ఆసు పోసింది" అని ఉన్నది. సొసైటీ రిజిష్టరు కూడా ఊరికి పోయినాక దిద్దుతము.