జిమ్నేజియం నుంచి తెర వరకు: అమెరికా కమ్యూనిటీ కళాశాలల్లో పోషకాహార, వ్యాయామ విద్య

పగలంతా దుకాణంలో పనిచేసి, సాయంత్రం పిల్లల్ని ఇంటికి తెచ్చుకుని, రాత్రి పదింటికి కంప్యూటర్ ముందు కూర్చుని ‘ఈరోజు ఎన్ని పండ్లు తిన్నారు? ఎంతసేపు నడిచారు?’ అనే ప్రశ్నలకు జవాబులు నింపే విద్యార్థిని ఊహించుకోండి. దూరవిద్యలో చదువుతున్న మీకు ఇలాంటి మనిషి కొత్త కాదు. అమెరికాలో ఇలాంటివారు ఎక్కువగా చేరేది కమ్యూనిటీ కళాశాలల్లో. రెండేళ్ల డిగ్రీలూ వృత్తి కోర్సులూ తక్కువ ఫీజుకు నేర్పే ప్రభుత్వ కళాశాలలివి. అక్కడి ఆన్‌లైన్ పోషకాహార, వ్యాయామ కార్యక్రమాలు ఏ దారిలో వచ్చాయో ఈ పాఠంలో చూద్దాం. చదువుతున్నంతసేపూ ఒక ప్రశ్న దగ్గర ఉంచుకోండి: ఈ సలహా రాసినవారు తమ ఎదుట ఎలాంటి విద్యార్థి ఉన్నాడనుకున్నారు?

కళాశాలలో వ్యాయామం నేర్పాలన్న ఆలోచనకు అమెరికాలో స్థిరమైన రూపం ఇచ్చినవాటిలో మసాచుసెట్స్‌లోని ఆమ్‌హెర్స్ట్ కళాశాల ముఖ్యమైనది. 1861లో అది ఎడ్వర్డ్ హిచ్‌కాక్ అనే వైద్యుడిని ఆరోగ్య, వ్యాయామ విద్యల ఆచార్యుడిగా నియమించింది. విద్యార్థులు సంగీతానికి తగినట్టు తేలికపాటి చెక్క డంబెల్స్‌తో కసరత్తు చేసేవారు. హిచ్‌కాక్ వారి ఎత్తు, బరువు, ఛాతీ కొలతలు దశాబ్దాల పాటు నమోదు చేయించాడు. ఆ విద్యార్థులు ఎవరో గమనించండి. అందరూ మగపిల్లలే, ఇంచుమించు ఒకే వయసువారు, చదువు తప్ప వేరే పని లేనివారు. వేళకు భోజనం, వేళకు గంట, నడిచివెళ్లే దూరంలో జిమ్నేజియం. తరువాతి కాలపు వ్యాయామ పాఠాలు ఈ విద్యార్థినే చాలాకాలం కళ్లముందు పెట్టుకున్నాయి.

కమ్యూనిటీ కళాశాల విద్యార్థి ఇతడు కాడు. ఇల్లినాయ్‌లో 1901లో ఆరుగురితో మొదలైన జోలియట్ జూనియర్ కళాశాలను ఈ కోవలో నేటికీ నడుస్తున్న ప్రభుత్వ సంస్థల్లో మొదటిదిగా చెబుతారు. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులకు 1944 నాటి చట్టం చదువు ఖర్చులిచ్చింది. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘం ఇంటి దగ్గరే ఉండి చదివే ఇలాంటి కళాశాలలు విస్తరించాలని చెప్పింది. ‘కమ్యూనిటీ కళాశాల’ అనే మాట ప్రచారంలోకి వచ్చింది కూడా అప్పుడే. వీటిలో చాలావాటికి హాస్టళ్లు లేవు. విద్యార్థి క్లాసుకు వచ్చి, అయిపోగానే ఉద్యోగానికి వెళ్లిపోతాడు. కళాశాల మైదానం అతడికి కారు పార్కింగ్ నుంచి కనిపించే దృశ్యం మాత్రమే.

దూరం నుంచి నేర్పడం ఇంటర్నెట్‌తో పుట్టిందని అనుకోకండి. చికాగో నగర కళాశాలలు 1956లోనే టెలివిజన్ ద్వారా పాఠాలు మొదలుపెట్టాయి. తెర ముందు నిలబడి వ్యాయామం చేయడం అంతకన్నా పాతది. జాక్ లలేన్ 1951లో శాన్‌ఫ్రాన్సిస్కో టెలివిజన్‌లో తన కార్యక్రమం ప్రారంభించి, ఇంట్లో ఉండే కుర్చీనే పరికరంగా వాడి గృహిణులకు కసరత్తులు నేర్పాడు. నా దృష్టిలో ఇది చిన్న విషయం కాదు. జిమ్నేజియానికి రాలేని మనిషిని లెక్కలోకి తీసుకున్నది ముందుగా కళాశాల కాదు, టెలివిజన్!

ఇక ఆహారం. అమెరికా వ్యవసాయ శాఖ 1943లో ఏడు ఆహార వర్గాలను ప్రకటించింది. 1956లో వాటిని నాలుగుకు కుదించింది: పాలు, మాంసం, కూరగాయలు-పండ్లు, రొట్టె-ధాన్యాలు. పాలు ఒక వర్గంగా నిలబడిపోయాయి. జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు 1966లో ప్రచురించిన అధ్యయనం నల్లజాతి అమెరికన్లలో ఎక్కువమందికి పాలలోని లాక్టోజ్ సరిగా అరగదని చూపింది. ఆసియా మూలాలవారిలోనూ ఇది సాధారణమేనని తరువాత తేలింది. ఉత్తర యూరప్ సంతతివారికి సహజమైన గుణాన్ని అందరి గుణంగా తీసుకున్నారన్నమాట. 1992 నాటి పిరమిడ్ బొమ్మ పోయి, 2011లో పళ్లెం బొమ్మ వచ్చినా పాలవర్గం పళ్లెం పక్కన చిన్న వృత్తంగా అలాగే కొనసాగింది. దానికి బదులు కాల్షియం చేర్చిన సోయా పానీయం తీసుకోవచ్చన్న వివరణ మాత్రం చేరింది.

శరీరాన్ని కొలిచే సూత్రానిదీ ఇదే కథ. ఆన్‌లైన్ కార్యక్రమం తెరవగానే ఎత్తు, బరువు అడిగి ఒక అంకె చూపిస్తుంది. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే ఈ అంకె బెల్జియం గణాంకవేత్త క్వెటెలెట్ 19వ శతాబ్దంలో చేసిన పని నుంచి వచ్చింది. దానికి ‘బాడీ మాస్ ఇండెక్స్’ అని 1972లో పేరు పెట్టింది ఆన్సెల్ కీస్. 25 దాటితే అధిక బరువు అన్నది అంతర్జాతీయ హద్దు. అయితే ఆసియా ప్రజల్లో అంతకన్నా తక్కువ దగ్గరే మధుమేహం, గుండెజబ్బుల ముప్పు పెరుగుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 2004లో చెప్పి, 23ను కూడా జాగ్రత్తపడవలసిన అంకెగా చూపింది. ఒకే తరగతిలో ఉన్న తెలుగు, వియత్నామీ, మెక్సికన్ కుటుంబాల పిల్లలకు యంత్రం ఒకే హద్దుతో ‘మీ బరువు సరిగానే ఉంది’ అని చెబితే, అది కొందరికి తప్పు ధైర్యం ఇచ్చినట్టే. మీ అంకె మీరే లెక్కవేసి రెండు హద్దులతోనూ పోల్చి చూడండి.

వ్యాయామం విషయంలో మార్పు మరోలా వచ్చింది. వైమానికదళ వైద్యుడు కెనెత్ కూపర్ 1968లో ‘ఏరోబిక్స్’ పుస్తకంలో పరుగు, ఈత, నడకలకు పాయింట్లు కేటాయించాడు. పర్యవేక్షకుడు లేకుండా ఎవరి లెక్క వారే రాసుకోవచ్చు; నేటి ఆన్‌లైన్ పట్టికలకు ఇది పూర్వరూపం అనవచ్చు. 2008లో ప్రభుత్వ మార్గదర్శకాలు పెద్దలకు వారానికి 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలన్నాయి, అయితే ఒక్కో విడత కనీసం 10 నిమిషాలు ఉండాలన్నాయి. 2018లో ఆ పది నిమిషాల షరతును తీసేశారు. బస్‌స్టాపుకు నడిచిన నాలుగు నిమిషాలు, మెట్లెక్కిన రెండు నిమిషాలు కూడా లెక్కకు వచ్చాయి. రెండు ఉద్యోగాల మధ్య చదివేవాడికి దీనివల్ల జరిగిన మేలు చిన్నది కాదు.

ఈ దారులన్నీ కలిసిన చోట మిన్నెసోటా పరిశోధకులు ‘చాయిసెస్’ అనే ప్రయత్నం చేశారు. మూడు కమ్యూనిటీ కళాశాలల నుంచి 18-35 ఏళ్ల విద్యార్థులు 441 మందిని తీసుకుని, లాటరీ పద్ధతిలో రెండు బృందాలు చేశారు. ఒక బృందానికి తిండి, కదలిక, నిద్ర, మానసిక ఒత్తిడి గురించి ఒక క్రెడిట్ కోర్సు ఇచ్చారు. దాన్ని తరగతి గదిలోనో, ఆన్‌లైన్‌లోనో, రెండూ కలిపో చదువుకోవచ్చు. ఆ తరువాత వారికోసం ఒక సామాజిక వెబ్‌సైటు నడిపారు. రెండేళ్ల తరువాత చూస్తే రెండు బృందాల సగటు బాడీ మాస్ ఇండెక్స్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అధిక బరువు, ఊబకాయం ఉన్నవారి నిష్పత్తి మాత్రం కోర్సు తీసుకున్నవారిలో తక్కువగా ఉంది. ఈ ఫలితాన్ని విజయమనీ అనవచ్చు, పెదవి విరవనూవచ్చు. నాకు ముఖ్యంగా తోచింది వేరు: ఆరోగ్య పాఠాన్ని అదనపు భారంగా కాక డిగ్రీలో లెక్కకు వచ్చే క్రెడిట్‌గా ఇవ్వడం, నిద్రను కూడా పాఠంలో చేర్చడం. విద్యార్థికి లేనిది తెలివి కాదు, సమయం అని ఎవరో గుర్తించారు.

సమయం లేకపోవడం ఒక ఎత్తు, తిండే లేకపోవడం మరో ఎత్తు. ‘ఎక్కువ కూరగాయలు తినండి’ అన్న పాఠం కొనగలిగిన మనిషికే పనికొస్తుంది. అమెరికా ప్రభుత్వ ఆహార సహాయ పథకం స్నాప్‌లో ఒక నిబంధన ఉంది: సగం లేదా అంతకుమించిన భారంతో చదివే విద్యార్థి ప్రత్యేక మినహాయింపు లేకపోతే వారానికి 20 గంటలు ఉద్యోగం చేసి తీరాలి. కళాశాల విద్యార్థి అంటే తల్లిదండ్రులు పోషించే కుర్రాడన్న పాత ఊహ ఇక్కడా పనిచేసింది. అర్హత ఉండే అవకాశమున్నా 2016లో ఈ సహాయం అందుకోని విద్యార్థులు దాదాపు 20 లక్షల మంది అని ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2018 డిసెంబరులో నివేదించింది. అప్పటికే ఎన్నో కమ్యూనిటీ కళాశాలలు తమ ఆవరణల్లోనే ఉచిత సరుకుల గదులు తెరిచాయి. 2020లో కోవిడ్ వచ్చి తరగతులన్నీ తెరమీదికి వెళ్లినప్పుడు వ్యాయామ తరగతి కూడా వెళ్లింది; బియ్యం, పప్పుల సంచి మాత్రం తెర గుండా వెళ్లదు. కొన్ని కళాశాలలు వాటిని కారు దగ్గరికే తెచ్చి ఇచ్చాయి. 2020 డిసెంబరులో అమెరికా కాంగ్రెస్ 20 గంటల నిబంధన నుంచి నిరుపేద విద్యార్థులకు తాత్కాలికంగా మినహాయింపునిచ్చింది. 2023లో ఆరోగ్య అత్యవసర స్థితి ముగియడంతో ఆ మినహాయింపూ పోయి, పాత నిబంధన మళ్లీ అమలులోకి వచ్చింది.