ఎండికాట్ బడిలో ఎవరికి చోటు దొరికింది?

పని చేసేచోట సమానావకాశాల చరిత్ర చెప్పేవాళ్లు ఐబీఎం దగ్గరికి రాగానే 1953 సెప్టెంబరు 21 నాటి లేఖను ఎత్తుకుంటారు. కెంటకీ, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో కొత్త ఫ్యాక్టరీల ప్రయత్నాలు నడుస్తున్న రోజులవి. దక్షిణాదిలో నల్లవారికి, తెల్లవారికి అన్నీ విడివిడిగా ఉండాలన్న కట్టుబాటు ఇంకా చెలామణీలోనే ఉంది. జాతి, రంగు, మతం చూడకుండా యోగ్యతను బట్టే ఉద్యోగాలివ్వాలని కంపెనీ అధ్యక్షుడు థామస్ వాట్సన్ జూనియర్ మేనేజర్లకు రాశాడు. అమెరికా పౌరహక్కుల చట్టం వచ్చింది 1964లో. కాబట్టి చట్టం మెడలు వంచితేనే కంపెనీలు కదిలాయన్న మాట ఈ ఒక్కచోట పూర్తిగా అతకదు. అయినా ఆ లేఖకు దక్కిన పేరులో సగమైనా 1935కి దక్కాల్సింది. ఉద్యోగంలో చేర్చుకుంటామన్న మాట కన్నా, చేరినవారికి పని నేర్పే ఏర్పాటే మనుషుల్ని పైకి తెచ్చిందనడానికి ఆ ఏడాదే సాక్ష్యం.

న్యూయార్క్ రాష్ట్రంలోని ఎండికాట్‌లో ఐబీఎం 1933లో సొంత బడి కట్టుకుంది. ఆర్థిక మాంద్యంలో అదేం ఖర్చు అనిపించవచ్చు. కానీ అప్పట్లో ఆ కంపెనీ తన పంచ్‌కార్డు లెక్కల యంత్రాలను అమ్మేది కాదు, అద్దెకిచ్చేది. వాడడం చేతకాకపోతే ఖాతాదారు యంత్రాన్ని వెనక్కి పంపేస్తాడు, అద్దె ఆగిపోతుంది. అంటే యంత్రంతో పాటు దాన్ని నేర్పే మనిషినీ పంపక తప్పదు. 1935లో డిగ్రీ చదివిన 25 మంది ఆడపిల్లల్ని తీసుకుని ఎండికాట్‌లో తర్ఫీదిచ్చి, ఖాతాదారుల ఆఫీసుల్లో యంత్రాల వాడకం నేర్పే పనికి పంపారు. మగవారితో సమానమైన పని, సమానమైన జీతం అని జూనియర్ తండ్రి పెద్ద వాట్సన్ అప్పుడే ప్రకటించాడు. టైప్‌రైటర్లు ప్రదర్శించి చూపే పనిలో చేరిన రూత్ లీచ్ కూడా ఆ బడిలోనే తర్ఫీదు పొంది, 1943లో కంపెనీ తొలి మహిళా ఉపాధ్యక్షురాలైంది. మగవాళ్లు యుద్ధానికి పోబట్టే ఆ పదవి దక్కిందని అనవచ్చు. అందులో కొంత నిజముంది. కానీ 1935 నాటికి యుద్ధం మొదలే కాలేదు. పైగా ఖాళీ అయిన కుర్చీలో కూర్చోడానికి పని తెలిసిన మనిషి ముందే తయారై ఉండాలి కదా. ఇదంతా లాభం కోసమే అంటారా? లాభం కోసమే. ఔదార్యంతో పెట్టిన బడి ఔదార్యం తగ్గిన రోజున మూతపడుతుంది. అద్దె రాబడి దాని మీద ఆధారపడి ఉన్నంతకాలం దానికి ఆ భయం లేదు.

అసలు గట్టి అభ్యంతరం 1968 దగ్గర ఎదురవుతుంది. కంప్యూటర్ నిర్మాణంలో అసాధారణ ప్రతిభ చూపిన లిన్ కాన్వే తాను లింగ మార్పిడికి సిద్ధపడుతున్నానని చెప్పినందుకు ఐబీఎం ఆమెను ఉద్యోగంలోంచి తీసేసింది. క్షమాపణ చెప్పింది 2020లో. ఆమెకు నైపుణ్యం కొరవ కాదు, యోగ్యతే ముఖ్యమన్న లేఖకు అప్పటికి 15 ఏళ్లు. కాబట్టి శిక్షణ ఉంటే చాలు, వివక్ష దానంతటదే పోతుందనే వాదన నిలవదు. రక్షణ నియమాలూ కావాలి, అవి ఎవరెవరికి వర్తిస్తాయో విడమరిచి రాయాలి. అలాగని నియమం ఒక్కటే చాలదనడానికి అదే 1968లో న్యూయార్క్ నగరమే సాక్ష్యం. బ్రూక్లిన్‌లో నల్లవారు ఎక్కువగా ఉండే బెడ్‌ఫర్డ్-స్టైవెసెంట్ పేటలో ఐబీఎం ఆ ఏడాది ఒక కర్మాగారం పెట్టి, స్థానికుల్ని తీసుకుని పని నేర్పింది. సమానత్వ లేఖ ఎంత బాగున్నా, పేటలో పనే లేనివాడికి అది అందేదెలా?

ఈ లెక్కన 2011లో బ్రూక్లిన్‌లోనే మొదలైన పీ-టెక్ స్కూలును ఎండికాట్‌కు వారసురాలనవచ్చు. హైస్కూలుతో పాటు రెండేళ్ల కాలేజీ డిగ్రీని కూడా ఆరేళ్లలో ఇచ్చే ఈ బడిని నగర విద్యాశాఖ, సిటీ యూనివర్సిటీ, ఐబీఎం కలిసి పెట్టాయి. మనవైపు మాత్రం పశ్చిమ గోదావరిలో పుట్టిన అరవింద్ కృష్ణ 2020లో సీఈఓ కావడమే ఈ కథకు ముగింపు అనుకునేవారున్నారు. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పూర్తి చేసి 1990లో చేరిన మనిషి ఎదుగుదల ఆయన ప్రతిభకు రుజువే. ఏ డిగ్రీ లేకుండా గుమ్మం దగ్గర నిలబడ్డవారి గురించి మాత్రం అది ఏమీ చెప్పదు. లోపల ఉన్నవారి సంగతీ అంతే: ఆయన పగ్గాలు పట్టిన ఆ ఏడాదే, 2013-18 మధ్య ఉద్యోగాల కోతలో ఐబీఎం వయసు పైబడినవారి పట్ల వివక్ష చూపిందని అమెరికా సమాన ఉద్యోగావకాశాల కమిషన్ తేల్చింది.